తాగింది జీపు, పట్టుబడింది యోసేపు

తేది: 11-6-1984
వరంగల్లు

మోటారు వాహనాల లైసెన్సు అధికారి గారి సముఖమునకు,
వర్ధన్నపేట నివాసి, ప్రభుదాసు కుమారుడు, జీపు డ్రైవరు యోసేపు సమర్పించుకొను సంజాయిషీ అర్జీ.

విషయం: నేను తాగని కల్లుకు నాపై పెట్టిన కేసు గురించి, తమ బీరువాలో ఉండిపోయిన నా లైసెన్సు గురించి.

సూచిక: తమరు నాకు పంపిన నోటీసు.

అయ్యా,

తమరు దయతో పంపిన నోటీసు అందినది. "మద్యం సేవించి వాహనం నడిపినందున మీ లైసెన్సు ఎందుకు రద్దు చేయరాదో పదిహేను రోజులలో తెలుపవలసినది" అని అందులో ఉన్నది. సేవించిన సంగతి తమరే తేల్చేశారు గనుక ఆ శ్రమ నాకు తప్పింది. ఇక రద్దు ఎందుకు చేయరాదో చెప్పుకోవడం ఒక్కటే నా పాలికి మిగిలింది. తెలిసినంత మేరకు విన్నవించుకుంటున్నాను.

ముందుగా తమ కచేరి గోడ పక్కన టైపు మిషను పెట్టుకుని అర్జీలు రాసే వెంకట్రాజం గారిని కలిశాను. ఆయన నోటీసు సగం చదివి, "దగ్గు మందు" అన్నారు. నాకు అర్థం కాలేదు. "తాగిన కేసే గదా? దగ్గు మందు తాగిన, అందుకే వాసనొచ్చింది అని రాస్తె అయిపాయె. నా తాన మాటర్ తయారుంటది, పేరొక్కటి మార్చాలె" అన్నారు. ఇంత ఎండాకాలంలో తమ బల్ల మీదికి అన్ని దగ్గులు ఎందుకు వస్తున్నాయో నాకు అప్పుడు తెలిసింది. నాకు దగ్గు లేదని మనవి చేశాను. "మరేమున్నది?" అని అడిగారు. ఉన్నదంతా చెప్పాను. ఆయన మొత్తం విని టైపు మిషను మీద గుడ్డ కప్పేశారు. "ఇది నాతోని కాదు. నువ్వే రాసుకో. ఆఖర్ల చిత్తగించవలెను అని పెట్టుడు మర్చిపోకు" అన్నారు. కావున ఈ అర్జీ నా సొంత చేతి రాత. మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదువుకున్నాను. తప్పులుంటే బడిని ఏమీ అనవద్దు.

1. నేను తాగనివాణ్ణి. ఈ మాట తాగినవాళ్లందరూ అంటారని ఎస్సై గారు నాకు తెలియజేశారు. తాగనివాళ్లు ఏమనాలో మాత్రం వారు తెలియజేయలేదు. లారీలు, వ్యాన్లు, ఇప్పుడు జీపు, నా మీసాలు నెరిసేదాకా నేను నడిపినవన్నీ నీళ్లూ డీజిలూ తాగాయి, నేను చాయ తాగాను. మా సంఘంలో కల్లు ముట్టినవాడికి ప్రభువు బల్ల దగ్గర చోటు లేదు. ఆ సంఘంలో ఆదివారం కానుకల సంచి పట్టుకుని వరుసల మధ్య తిరిగేవాణ్ణి నేను. ఇవన్నీ నమ్మకపోయినా, మా ఇంటామె హన్నాను అడిగితే తెలుస్తుంది. ఎవరో బీడీ తాగుతుంటే పక్కన కూర్చుని వచ్చినా ఆమె గడపలోనే పట్టేస్తుంది. ఇన్ని ఏండ్ల కాపురంలో ఆమె పట్టుకోలేని వాసనను ఎస్సై గారు రోడ్డు అవతల నుంచి పట్టుకున్నారు. వారికి నా అభినందనలు.

2. నన్ను పనిలో పెట్టుకున్నదే తాగనని. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. మా దగ్గరి ఊళ్లో మొగిలయ్య అనే రైతు ఉన్నాడు. పత్తి, మిరప వేస్తాడు. ఈ యేడు ఒక కొత్త జీపు తీసుకున్నాడు, వర్ధన్నపేట నుంచి వరంగల్లుకు జనాన్ని తోలడానికి. డ్రైవరు కోసం చూస్తుంటే వాళ్లమ్మ కట్టమ్మ అడ్డం పడింది. ఆమె పెద్ద కొడుకును ఇదే ఖమ్మం రోడ్డు మీద లారీ తొక్కింది. ఆ లారీ డ్రైవరు తాగి ఉన్నాడు. అందుకని కొడుకుతో, "చర్చికి పోయెటోన్ని ఎవన్నన్న తీస్కరా. ఆల్లు తాగరు. తాగెటోడు ఈ బండి ఎక్కితే నేను చక్రాల కింద పండుకుంట" అన్నదట. మొగిలయ్య మా ఇంటికి వచ్చి, "యోసేపన్నా, నిజం చెప్పు, నువ్వు తాగవు గదా?" అని అడిగాడు. లేదన్నాను. అక్కడ ఆ ఒక్క మాటతో ఉద్యోగం వచ్చింది. ఇక్కడ అదే మాటతో కేసు ముదిరింది.

3. సాక సంగతి. తమరు ఈ జిల్లావారైతే ఈ భాగం వదిలేసి చదవవచ్చును. బదిలీ మీద వచ్చినవారైతే ముందుముందు పనికి వస్తుంది. మా దిక్కు కొత్త బండి కొంటే, రోడ్డు ఎక్కించే ముందు పొలిమేర దగ్గర మైసమ్మ ముందు నిలబెట్టి కల్లు ధార పోస్తారు. దాన్నే సాక అంటారు. కల్లు మైసమ్మకు పోస్తారు, తర్వాత బానెటుకు, తర్వాత నాలుగు టైర్లకు. నిమ్మకాయలు టైర్ల కింద పెడతారు, మిగిలినవి దండ కట్టి ముందు వేలాడదీస్తారు. మే నెలలో పొద్దు వాలే వేళకు కల్లు ఎట్లా ఉంటుందో, దాని వాసన ఎంత దూరం పోతుందో అధికారులకు నేను చెప్పనక్కర లేదు.

నేను దూరంగా నిలబడ్డాను. నిలబడితే సరిపోతుందనుకున్నాను. బండికి పోయడం అయ్యాక కట్టమ్మ కుండ చంకన పెట్టుకుని నా దగ్గరకు వచ్చి, "చేతులు పట్టు బిడ్డ" అంది. "నాకెందుకవ్వా, బండికి పోసినవు గదా" అన్నాను.

"బండి తనంతట తాను పోతాదా? తిప్పేటియి నీ చేతులే. నా పెద్దోన్ని తొక్కిన బండికి గూడ ఎవలో పోసే ఉంటరు సాక. ఆ చేతులకు పోయలే. పట్టు" అంది.

పట్టాను. రెండు చేతుల మీద మోచేతుల దాకా పోసింది. నుదుట ఇంత పసుపు, దాని మీద ఇంత కుంకుమ పెట్టింది. కుండలో కల్లు మిగిలితే ఇంటికి తీసుకుపోకూడదట, అది అరిష్టమట. అందుకని అడుగున ఉన్నది నా తల మీద వొంపింది. ఖాకీ చొక్కా నానింది. "ఇగ దండం పెట్టు" అంది. పెట్టాను. అమ్మవారికి పెట్టానో, కొడుకును రోడ్డుకు ఇచ్చుకున్న ఆ తల్లికి పెట్టానో ఆ సమయంలో నేను తేల్చుకోలేదు. తమరు నోటీసు ఇచ్చి అడిగినా ఇప్పుడు తేల్చి చెప్పలేను.

ఈ విధంగా జీపూ, నేనూ ఇద్దరం బాగా తడిశాము. నోట్లోకి ఒక్క చుక్క పోలేదు. నాకు సంబంధించినంత వరకు, ఆ రోజు తాగినది జీపు. జీపుకు తాగించి నడపరాదని చట్టంలో ఏదైనా సెక్షను ఉంటే తెలుపగలరు.

4. కడుక్కోవచ్చు గదా అని తమకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కాని సాక పోసిన బండి మొదటిసారి పోయే ఊరు చేరేదాకా ఆగకూడదు, నడిపేవాడు వెనక్కి చూడకూడదు, చేతులు కడగకూడదు. ఎందుకు కూడదని అడిగితే, కూడదు అని చెప్పారు. ఈ పద్ధతి తమ కార్యాలయంలో కూడా ఉన్నందున నేను మళ్లీ అడగలేదు. వెనక మొగిలయ్య, వాళ్ల బంధువులు ఎక్కారు. వరంగల్లులో ఆగినప్పుడు బోరింగు కింద తల పెట్టి కడుక్కోవాలని అనుకున్నాను. వరంగల్లు రాకముందే ఎస్సై గారు వచ్చారు.

5. పట్టుబడిన విధము. ఆ ఠాణా పేరు తమ నోటీసులోనే ఉంది గనుక నేను మళ్లీ రాయను. ఆ దారిలో రోజూ నడపవలసినవాణ్ణి నేను. కానిస్టేబులు చెయ్యి ఎత్తాడు, ఆపాను. ఎస్సై గారు ముక్కు ముందుకు పెట్టి కిటికీ దగ్గరకు వచ్చారు. జరిగిన సంభాషణ ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"పేరేంది?"

"యోసేపు సార్."

"తండ్రి?"

"ప్రభుదాసు."

వారు నా నుదురు చూశారు. బానెటు మీది పసుపు చూశారు. నిమ్మకాయల దండ చూశారు. "యోసేపువైతే గీ బొట్టేంది? గీ నిమ్మకాయలేంది? గీ వాసనేంది?"

"మైసమ్మకు సాక పోసిన్రు సార్."

"ఎవలికి?"

"మైసమ్మకు."

వారు కానిస్టేబులు వైపు తిరిగి, "ఏ దేవునోడో సుత సోయి లేకుంట తాగిండు. రాసుకో" అన్నారు.

అయ్యా, నా మీద ఉన్న కేసు మొత్తం ఇదే. నా పేరు ఎల్లస్వామి అయి ఉంటే వారు ఒక దండం పెట్టి, ఒక నిమ్మకాయ అడిగి తీసుకుని పంపించేవారు. బొట్టు లేకుంటే యోసేపుగా పోయేవాణ్ణి. పేరూ బొట్టూ రెండూ ఒక మనిషికి ఉండటం చేతనే నేను మత్తులో ఉన్నట్టు రుజువైంది. వెనక నుంచి మొగిలయ్య, "సార్, ఆయన తాగలే, మా అవ్వ పోసింది" అని దిగి వచ్చాడు. "పోసింది మీ అవ్వ, తాగింది వీడు. ఇద్దరిదీ కలిపి రాయాల్నా?" అని ఎస్సై గారు అడిగేసరికి మొగిలయ్య మళ్లీ ఎక్కి కూర్చున్నాడు.

6. నడక పరీక్ష. మట్టి మీద కానిస్టేబులు లాఠీతో ఒక గీత గీసి దాని మీద నడవమన్నాడు. ఆ గీత మొదట తూర్పుకు పోయి, రాయి అడ్డం వచ్చిన చోట పక్కకు తిరిగి, మళ్లీ తూర్పుకు పోయింది. నేను గీత ఎట్లా ఉందో అట్లాగే నడిచాను. "వంకర నడుస్తాండు" అని రాసుకున్నారు. సరే, నేరుగా నడుద్దామని రెండోసారి నేరుగా నడిచాను. "గీత తప్పుతాండు" అని రాసుకున్నారు. తర్వాత ఒంటి కాలు మీద నిలబడమన్నారు. క్లచ్చు తొక్కి తొక్కి నా ఎడమ మోకాలు అరిగిపోయింది, కుడి కాలు మీద నిలబడతానన్నాను. ఏ కాలో కూడా నిందితుడే చెప్తాడా అని వారికి కోపం వచ్చింది. తమ కార్యాలయంలో లైసెన్సు ఇచ్చేటప్పుడు నన్ను ఎనిమిది అంకె తిప్పించి చూశారు గాని ఒంటి కాలు మీద నిలబెట్టలేదు. ఇది కొత్తగా వచ్చిన రూలు అయితే మా డ్రైవర్లందరికీ ముందుగా తెలియజేయవలసిందిగా మనవి.

7. ఇక ఠాణాకు పోయిన విధము. ఈ అంశాన్ని తమరు కొంచెం నిదానంగా చదవాలని నా ప్రత్యేక విన్నపం. తాగినవాడు బండి నడపరాదు గనుక నన్ను పక్కకు దించారు. చట్టం ప్రకారం అది సరైనదే. తర్వాత బండిని ఠాణాకు చేర్చమని కానిస్టేబులును స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. ఆయనకు సైకిలు వచ్చును. జీపు ముందుకు పోకుండా వెనక్కి పోయి, రోడ్డు పక్క కాలువలో వెనక చక్రం దింపుకుని ఆగింది. వెనక ఉన్న ఆడవాళ్లు మైసమ్మను తలుచుకున్నారు. ఎస్సై గారు కాసేపు కాలువ వైపు, కాసేపు నా వైపు చూసి, "ఏయ్ యోసేపూ, జర తియ్" అన్నారు.

తీశాను. తీసినాక దిగబోతే, "దిగకు, ఠాణా దాకా నువ్వే పోనియ్, చీకటయితాంది" అని నా పక్కన కూర్చున్నారు. మద్యం మత్తులో ఉన్నానని రాయించిన కాగితం జేబులో పెట్టుకుని, అదే మత్తులో ఉన్న నా పక్క సీట్లో, ఖమ్మం రోడ్డు మీద ఠాణా దాకా ప్రయాణం చేశారు. గుంటలు తప్పించి తీసుకుపోయాను. దారిలో వారికి చిన్న కునుకు కూడా పట్టింది, తల నా భుజం మీద ఆనింది. లేపకుండా నడిపాను. ప్రాణానికి భయం లేకనే నిద్రపోయారని నేను అనుకుంటున్నాను. వారు ధైర్యవంతులైనా అయి ఉండాలి, నేను తాగనివాణ్ణయినా అయి ఉండాలి. ఈ రెండింటిలో ఏది నిజమో విచారించి రికార్డు చేయవలసిందిగా కోరుతున్నాను.

8. వైద్య పరీక్ష, సాక్షులు. దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు గారు మీటింగుకు పోయారు. కాంపౌండరు గారు ఉన్నారు, కాని పాపం వారికి పడిశం. ముక్కు రుమాలులో పెట్టుకునే నన్ను ఊదమన్నారు. ఊదాను. వారు మళ్లీ ఊదమన్నారు. మళ్లీ ఊదాను. వారికి ఏమీ తెలియక ఎస్సై గారిని, "వస్తాందా సార్?" అని అడిగారు. "మస్తుగొస్తాంది" అన్నారు ఎస్సై గారు. కాంపౌండరు గారు "వాసన కలదు" అని రాసి ముద్ర వేశారు. వచ్చిన వాసన నోటిదా, చొక్కాదా అనే ప్రశ్న ఆ గదిలో ఎవరికీ రాలేదు. ఇప్పుడు తమ ముందున్న వైద్య సర్టిఫికెట్టు అదే. దాని మీద సంతకం కాంపౌండరు గారిది, ముక్కు ఎస్సై గారిది.

పంచనామాకు సాక్షులు కావలసి వచ్చి, ఠాణా ఎదురుగా ఉన్న కల్లు దుకాణం నుంచి ఇద్దరిని పిలిపించారు. తాగినవాణ్ణి గుర్తించే విషయంలో అంతకన్నా అనుభవం ఉన్నవాళ్లు ఆ సమయానికి దొరకరని నేనూ ఒప్పుకుంటాను. ఒకాయన నా చెయ్యి పట్టుకుని వాసన చూసి, "కల్తీ లేదే. ఏ ఊరి కల్లన్నా ఇది?" అని ఎంతో ఆప్యాయంగా అడిగారు. రెండో ఆయన వేలిముద్ర వేసే దాకా మేలుకునే ఉన్నారు. నా లైసెన్సు అక్కడే తీసుకుని తమకు పంపించారు. నన్ను రాత్రికి ఇంటికి పంపించారు, జీపును మాత్రం మొగిలయ్య తీసుకుపోవడానికి మనిషి దొరకక, మళ్లీ నేనే నడిపి ఊరు చేర్చాను. దీనికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

9. ఇంతవరకు రాసినది చదివి, వీడికి ఏ ఇబ్బందీ లేదు, హాయిగా నవ్వుకుంటున్నాడు అని తమరు అనుకోవచ్చును. ఇబ్బంది ఇక్కడ ఉంది. మా సంఘంలో తప్పులకు తరగతులు ఉన్నాయి. తాగి దొరికినవాడు ఆదివారం నలుగురి ముందు నిలబడి, తప్పయింది అని ఒప్పుకుంటే, కొన్నాళ్లు బల్లకు దూరం పెట్టి మళ్లీ చేర్చుకుంటారు. అట్లా చేరినవాళ్లు మాలో బోలెడు మంది, ఒకరిద్దరు రెండు మూడుసార్లు చేరారు. విగ్రహం ముందు దండం పెట్టినవాడి సంగతి వేరు. వాణ్ణి లోపలికే రానీయరు.

నేను తాగలేదని తమ దగ్గర రుజువు కావాలంటే మైసమ్మ పేరు చెప్పాలి. మైసమ్మ పేరు మా పాస్టరు సుందర్ రావు గారి చెవిన పడకూడదంటే తాగానని ఒప్పుకోవాలి. ఎటు జరిగినా ముల్లు నాకే. హన్నా మూడు రోజులు ఆలోచించి, "తాగిన అని ఒప్పుకో. దేవుడు మాఫ్ చేస్తడు, సంఘం సుత మాఫ్ చేస్తది" అంది.

"మరి లైసెన్సు ఆఫీసరు?" అన్నాను.

"ఆయన చెయ్యడు" అంది.

తమ గురించి మా ఇంట్లో ఉన్న అభిప్రాయం ఇది. దాచిపెట్టి లాభం లేదు.

అయినా ఒప్పుకుందామనే అనుకున్నాను. ఏదో ఒక పని దొరక్కపోతుందా, సంచులు మోసుకుని బతుకుతాను, ఆదివారం నా జాగాలో నేను కూర్చుంటాను అనుకున్నాను. ఈలోగా కట్టమ్మ మా ఇంటికి వచ్చింది. అంత ఎండలో కాలినడకన వచ్చింది. దారిలో ఎవరు బండి ఎక్కమన్నా ఎక్కలేదట. గడప దగ్గరే కూర్చుని, నీళ్లిస్తే తాగకుండా నన్ను అడిగింది. "నిజం చెప్పు బిడ్డ. నేను పోసిందేనా, నేను పోయకముందే తాగినవా? పోలీసోల్లు ఊకెనే రాస్తరా? నా పెద్దోన్ని తొక్కినోడు సుత తాగలేదనే అన్నడు."

ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది. అర్జీలో ఏడుపు రాయకూడదని వెంకట్రాజం గారు చెప్పలేదు గనుక రాస్తున్నాను. ఆమె తన చేత్తో పోసిన కల్లు అది. ఆమెకు కూడా ఇప్పుడు అనుమానం వచ్చింది. తమ నోటీసు అంత బలమైనది. నేను తాగానని సంతకం పెడితే, తాగినోడి చేతికి రెండో కొడుకును కూడా అప్పజెప్పాను అనుకుని ఆ ముసలమ్మ పోతుంది. ఆ సంతకం నేను పెట్టలేను. సంఘం ఏమన్నా అననీ అని, ఈ అర్జీలో మైసమ్మ ముందు జరిగినదంతా, దండంతో సహా రాసేశాను.

10. ఇప్పటి పరిస్థితి. జీపు మొగిలయ్య ఇంటి ముందు నిలబడి ఉంది. కోళ్లు దాని కింద పడుకుంటున్నాయి. మొగిలయ్య మంచివాడు, ఈ నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత తొర్రూరు నుంచి ఒక డ్రైవరును తెచ్చుకుంటాడు. ఆ వచ్చే అతను రోజూ తాగుతాడని మా డ్రైవర్లందరికీ తెలుసు. అతనికి లైసెన్సు ఉంది, కేసు లేదు, బొట్టూ పేరూ రెండూ కలుస్తాయి. నాకు బండి నడపడం తప్ప ఇంకో పని రాదు. నేర్చుకునే వయసు దాటింది. ఎవరైనా బండి స్టార్టు చేస్తే ఇంట్లో కూర్చున్న నా ఎడమ కాలు తనంతట తాను లేస్తుంది. హన్నా అది చూసి పక్కకు తిరుగుతుంది.

కావున తమరు దయచేసి, నా నోటి వాసనను జీపు వాసన నుంచి వేరు చేసి, ఎస్సై గారు నా భుజం మీద పడుకున్న సంగతిని సాక్ష్యంగా స్వీకరించి, కట్టమ్మను పిలిపించి అడిగి, నా లైసెన్సు నాకు ఇప్పించవలసిందిగా ప్రార్థన. అది వీలు పడదంటే, తాగినట్టు అందరూ ఒప్పుకున్న ఆ జీపు రిజిస్ట్రేషను రద్దు చేసి, నన్ను సాక్షిగా పిలిపించగలరు. నిజం చెప్తాను.

ఉన్న మాట ఇంతే. దగ్గు మందు కలపలేదు. చిత్తగించవలెను.

ఇట్లు,
తమ నోటీసుకు లోబడి, తమ రోడ్ల మీద ప్రస్తుతం కాలినడకన తిరుగుచున్న
తమ విధేయుడు,
యోసేపు

జతపరచినది: మా సంఘం పాస్టరు గారు ఇచ్చిన కాగితం ఒకటి. దాని వివరం కింద రాశాను.

మళ్లీ రాసుకునేది:

అయ్యా, పై అర్జీ తమకు పంపే ముందు పాస్టరు సుందర్ రావు గారి దగ్గరకు నేనే తీసుకుపోయి చేతికిచ్చాను. వేరేవాళ్లు చెప్తే వినడం కంటే అది నయం అనుకున్నాను. వారు అద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. కాంపౌండరు గారి దగ్గర నవ్వారు. తర్వాత నవ్వలేదు.

"దండం పెట్టిన అని రాసినవు. ఆ ఒక్క ముక్క కొట్టెయ్యి యోసేపూ. చేతుల మీద పోసిన్రంటె నీ కేసుకు సరిపోతది. మిగిలింది నేను చూడలే, నాకు తెల్వది" అన్నారు.

వారు నా మేలు కోరే అన్నారు. కలం కూడా అందించారు. నేను కలం తిరిగి ఇచ్చేశాను. "పెట్టిన అయ్యగారూ. ఆ ముసలమ్మకు పెట్టలేదని రాయలేను" అన్నాను.

వారు సంఘం పేరున్న కాగితం తీసి, అదే కలంతో రాసి, ముద్ర వేసి నాకు ఇచ్చారు. అదే తమకు జతపరిచాను. అందులో రెండే వాక్యాలు ఉన్నాయి. "ఈ యోసేపు మద్యము ఎన్నడును ముట్టనివాడని నేను ఎరుగుదును. విగ్రహమునకు నమస్కరించినందున ఇతనిని వచ్చే క్రిస్మసు వరకు ఆరాధనలో లోపల కూర్చొననీయకుండా నిలిపివేయడమైనది."

నేను తాగలేదనడానికి నా దగ్గర ఉన్న రుజువు ఇదొక్కటే. అబద్ధం చెప్పి ఇంత నష్టం ఎవరూ తెచ్చుకోరని తమకు తెలుసు.

వచ్చే ఆదివారం నుంచి నేను చర్చి బయట మెట్ల మీద కూర్చోవాలి. కానుకల సంచి ఇంకెవరో పట్టుకుంటారు. హన్నాను లోపల కూర్చోమన్నాను, ఆమె తప్పేమీ లేదు గదా. "నువ్వు బయట కూసుంటె నేను లోపల ఎవన్ని తిట్టుకుంట కూసుండాలె?" అని తనూ మెట్ల మీదికే వస్తానంది. ఇక ఈ లోకంలో నన్ను లోపల కూర్చోనిచ్చే సీటు ఆ జీపులో ముందున్న కుడి పక్క సీటు ఒక్కటే. అది తమ బీరువాలో ఉంది. ఇప్పించగలరు.